ఆసుపత్రిలో తెచ్చిన మార్పు నిజంగా మేలు చేసిందో లేదో తెలుసుకోవడం ఎలా?

వైద్యసేవల నాణ్యతను పెంచడానికి ఏ మార్పు తలపెట్టినా, దాని ఫలితాన్ని ఎలా తేల్చాలో ఆ మార్పు మొదలుకాకముందే నిర్ణయించుకోవాలి. పని పూర్తయ్యాక లెక్కలు వెతకబోతే, పోల్చి చూడటానికి పాత లెక్కలు దొరకవు. దొరికినా, మనకు అనుకూలమైనవే ముందుగా కంటపడతాయి.

మొదట, ఈ మార్పు ఏయే మెట్ల మీదుగా రోగికి మేలు చేస్తుందని నమ్ముతున్నారో కాగితం మీద రాయండి. పెద్ద సిరలో అమర్చే సన్నని గొట్టం, అంటే సెంట్రల్ లైన్ వల్ల రక్తంలోకి వచ్చే ఇన్ఫెక్షన్లను తగ్గించాలనుకుందాం. గోడకు చెక్‌లిస్టు అతికించినంత మాత్రాన అవి తగ్గవు. కావలసిన సామగ్రి అంతా ఒకేచోట ఉండాలి, డాక్టరు చేతులు శుభ్రం చేసుకోకపోతే నర్సు ఆపగలగాలి, అలా ఆపిన నర్సుకు పైవారి అండ ఉండాలి, అవసరం తీరిన లైన్‌ను వెంటనే తీసేయాలి. ఈ మెట్లు రాసి ఉంటేనే, ఫలితం రానప్పుడు ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది.

కొలతలను ఎంచుకోవడానికి వైద్యసేవల నాణ్యతపై పరిశోధన చేసిన అవెడిస్ డొనబీడియన్ 1966లో చూపిన విభజన ఇప్పటికీ పనికొస్తుంది: వనరులు, పనితీరు, ఫలితం. వీటికి తోడుగా, ఒకచోట మేలు చేయబోయి మరోచోట కీడు చేస్తున్నామా అన్నది చూపే కొలత ఒకటి తప్పక ఉండాలి. రోగులను త్వరగా ఇంటికి పంపే ప్రయత్నమైతే, మళ్లీ చేరుతున్నవారి సంఖ్యను లెక్కించాలి. పనితీరు బాగుపడితే ఫలితమూ బాగుపడినట్టే అనుకోకూడదు. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాల్లో జరిగి, 2017లో ప్రచురితమైన బెటర్‌బర్త్ అధ్యయనంలో, సురక్షిత ప్రసవ చెక్‌లిస్టుతో సిబ్బంది పాటించే పద్ధతులు స్పష్టంగా మెరుగుపడ్డాయి గాని, తల్లీబిడ్డల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మార్పుకు ముందు ఒక అంకె, తరువాత ఒక అంకె చూసి నిర్ణయానికి రాకండి. పరిస్థితి మరీ విషమించిన నెలలోనే మనం మేలుకుంటాం. ఏమీ చేయకపోయినా ఆ తరువాతి నెల కొంత కుదుటపడే అవకాశం ఎక్కువ. అందుకే వారం వారం, లేదా నెల నెలా వచ్చే అంకెలను గ్రాఫ్ మీద గుర్తించాలి. మధ్యస్థ రేఖకు (సగం బిందువులు పైన, సగం కింద ఉండేలా గీసిన గీతకు) ఒకే వైపున వరుసగా ఆరు లేక అంతకన్నా ఎక్కువ బిందువులు పడితే, అది కాకతాళీయం కాకపోవచ్చని భావించడం వాడుకలో ఉన్న నియమం.

అసలు చిక్కు పోలిక దగ్గర వస్తుంది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్ర ఐసీయూలలో పైన చెప్పినలాంటి పద్ధతులతో సెంట్రల్ లైన్ ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయని 2006లో ప్రచురితమైన తరువాత, ఇంగ్లండ్ అదే పద్ధతిని 2009 నుంచి 2011 వరకు దశలవారీగా అమలు చేసింది. అక్కడా ఇన్ఫెక్షన్లు తగ్గాయి. అయితే, కార్యక్రమంలో ఇంకా చేరని ఐసీయూలలోనూ అవి అప్పటికే తగ్గుతూ వచ్చాయి. దశలవారీగా చేశారు కాబట్టే ఆ సంగతి బయటపడింది. ఒకేసారి అన్నిచోట్లా మొదలుపెట్టి ఉంటే, ఘనతంతా కార్యక్రమానికే దక్కేది. కాబట్టి వీలైతే వార్డుల వారీగా మొదలుపెట్టి, వంతు రాని వార్డులలో కూడా తొలిరోజు నుంచే లెక్కలు తీయండి. ఆ ఇంగ్లండ్ అనుభవమే మరో పాఠం కూడా నేర్పింది: ఇన్ఫెక్షన్‌ను ఒక్కో ఐసీయూ ఒక్కో తీరుగా లెక్కించింది. దేనిని లెక్కలోకి తీసుకోవాలో, ఎవరు లెక్కించాలో ముందే రాతపూర్వకంగా ఖాయం చేయాలి.

అంకెలు ఎంత మారిందో చెబుతాయి గాని, ఎందుకు మారిందో చెప్పవు. అది తెలియాలంటే వార్డులో నిలబడి చూడాలి, ముఖ్యంగా రాత్రి డ్యూటీ సిబ్బందితో, రోగులతో, వారి బంధువులతో మాట్లాడాలి. అనుకున్న మార్పు అనుకున్నట్టే జరిగిందా, మధ్యలో దేనిని సవరించారు, దేనిని వదిలేశారు అన్నది తేదీలతో నమోదు చేయండి. ఫలించని ప్రయత్నాలను కూడా అంతే వివరంగా రాయాలి. మరో ఆసుపత్రికి వాటి అవసరమే ఎక్కువని నా నమ్మకం.

ప్రాజెక్టు బృందం వెళ్లిపోయిన ఆరు నెలలకు, అదే కొలతను అదే నిర్వచనంతో మరోసారి తీసి, అదే గ్రాఫ్‌లో చేర్చండి.