ట్రాఫిక్‌లో బండి హీట్ అవుతోందా? ఫ్యాన్ మోటార్ కొనేముందు ఇవి చెక్ చేస్కోండి

హైవే మీద ఎంత దూరం పోయినా టెంపరేచర్ ముల్లు కదలదు, అదే మే నెల ఎండలో విజయవాడ ట్రాఫిక్‌లోనో అమీర్‌పేట సిగ్నల్ దగ్గరో ఆగితే పైకెక్కుతూ పోతుంది అంటే ముందు అనుమానించాల్సింది రేడియేటర్ ఫ్యాన్‌నే. స్పీడ్‌లో ఉంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, బండి ఆగితే ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. హైవే మీద కూడా హీట్ అవుతుంటే మాత్రం కూలెంట్ లీకు, థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ బ్లాకు లాంటివి ముందు చూపించుకోండి.

చాలామంది ఫ్యాన్ తిరగట్లేదు అనగానే మోటార్ మార్పించేస్తారు, దయచేసి ఆ తొందర వద్దు, ఫ్యూజ్ దగ్గరో ఫ్యాన్‌కి కరెంట్ ఆన్ చేసే స్విచ్ లాంటి రిలే దగ్గరో ఉన్న ప్రాబ్లమ్‌కి వేలు పోసి మోటార్ కొన్నా ఫ్యాన్ తిరగదు.

జాగ్రత్తలు దాటేసి కిందకి పోకండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ క్యాప్ గానీ కూలెంట్ ట్యాంక్ మూత గానీ అస్సలు తియ్యొద్దు, ప్రెషర్‌కి మరిగే నీళ్ళు మొహం మీదకి చిమ్ముతాయి. ఇంకోటి, కొన్ని బండ్లలో తాళం తీసేసినా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, అందుకే రెక్కల్ని ముట్టుకునే ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయండి, చున్నీలు లుంగీలు దగ్గరికి రానివ్వకండి.

బండి చల్లగా ఉన్నప్పుడు ముందు కూలెంట్ లెవెల్ చూడండి, బాగా తగ్గిపోతే టెంపరేచర్ కొలిచే సెన్సార్‌కి వేడి సరిగ్గా అందదు, ఫ్యాన్ బాగానే ఉన్నా తిరగదు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ ఫుల్‌గా వెయ్యండి. చాలా కార్లలో కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి. ఏసీకి తిరిగి, ఇంజన్ వేడెక్కినా ఏసీ లేకుండా తిరగట్లేదంటే మోటార్ మంచిదే, సెన్సార్ వైపు చూడాలి, లేదా ఫ్యాన్‌ని మెల్లగా తిప్పడానికి ఉండే లో స్పీడ్ రెసిస్టర్ పోయుండొచ్చు. కొన్ని బండ్లకి రెండు ఫ్యాన్లు ఉంటాయి కాబట్టి ఏది తిరుగుతోందో సరిగ్గా చూస్కోండి.

అసలు తిరగకపోతే బానెట్ కింద ఫ్యూజ్ బాక్స్ తెరవండి, ఏది దేనిదో మూత లోపలే బొమ్మ ఉంటుంది. ఫ్యాన్‌ది ఎక్కువగా 30 లేదా 40 ఆంపియర్ ఉంటుంది. కాలిపోతే అదే రేటింగ్‌ది వెయ్యండి, మళ్ళీ పోతే మోటార్ పట్టేయడమో వైరు షార్టో ఉన్నట్టు, పెద్ద ఫ్యూజ్ పెట్టడం, ఫ్యూజ్ బదులు వైరు చుట్టడం చేస్తే బండి అంటుకుంటుంది. ఫ్యూజ్ బాగుంటే రిలే. అదే బాక్స్‌లో హారన్‌దో ఇంకోదో అదే నంబరు రిలే ఉంటే అటూ ఇటూ మార్చి చూడండి, ఫ్యాన్ తిరిగిందంటే చిన్న ఖర్చుతో పోయింది.

ఇక అసలైన టెస్ట్. ఇంజన్ ఆపి, ఫ్యాన్ ప్లగ్ పీకి, ఫ్యూజ్ ఉన్న వైర్లతో బ్యాటరీ నుంచి మోటార్‌కి డైరెక్ట్‌గా 12 వోల్టులు ఇవ్వండి, ప్లస్ మైనస్ తారుమారైతే ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది. ఇది రెండు వైర్ల మోటార్‌కే, మూడు నాలుగు వైర్లు ఉండి కంట్రోల్ మాడ్యూల్ ఉన్నవాటికి చెయ్యకండి, ఎలక్ట్రీషియన్‌కి వదిలెయ్యండి. డైరెక్ట్ ఇచ్చినా తిరక్కుండా, కర్రతో మోటార్‌ని మెల్లగా తడితే కదిలిందంటే మోటార్ లోపల కరెంట్ అందించే బ్రష్‌లు అరిగిపోయాయి, ఇప్పుడు మోటార్ మార్చండి. బ్రహ్మాండంగా తిరిగితే తప్పు మోటార్‌కి కరెంట్ వచ్చే దారిలో ఉంది. ప్లగ్ లోపల నల్లగా కరిగిందేమో చూడండి, చాలా బండ్లలో జబ్బు అక్కడే, ఎర్త్ వైరు కూడా గీకి టైట్ చెయ్యండి.

సెన్సార్ తేల్చుకోడానికి, బండి కంప్యూటర్ రీడింగులు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ చాలు. రేడియేటర్ పై హోస్ చెయ్యి పెట్టలేనంత కాలుతున్నా రీడింగ్ 50 డిగ్రీల దగ్గరే ఉంటే సెన్సార్ అబద్ధం చెప్తోంది. రీడింగ్ 105 దాటినా ఫ్యాన్ రాకపోతే సెన్సార్ కాదు, రిలేకి వచ్చే సిగ్నల్ వైరింగ్ చూపించండి.

ఇవన్నీ అయ్యేలోపు రోడ్డు మీద ముల్లు పైకెక్కితే ఏసీ ఆపి హీటర్ ఫుల్‌గా పెట్టి బ్లోయర్ తిప్పండి, ఉడికిపోతారు గానీ ఇంజన్‌లో వేడి కొంత లాగేస్తుంది, పక్కకి ఆపేదాకా పనికొస్తుంది. రిపేర్ అయ్యాక ఇంటి దగ్గరే ఏసీ లేకుండా ఐడిల్‌లో ఉంచి ఫ్యాన్ వచ్చి, ఆగి, మళ్ళీ రావడం చూసి అప్పుడు ట్రాఫిక్‌లోకి తీయండి.