చెన్నై ఉప్పుగాలికి తట్టుకునే ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రింగ్స్ ఎలా ఎంచుకోవాలి

మాది అనంతపురం, అక్కడ ఒక సెట్ ఎక్కిస్తే మూడు నెలలు తీగల ఊసే ఉండేది కాదు. ఉద్యోగానికి చెన్నై వచ్చి తిరువాన్మియూర్‌లో బీచ్ దగ్గర రూమ్ తీసుకున్నా, అదే గిటార్, అవే స్ట్రింగ్స్, ఇరవై రోజులు తిరక్కుండానే ఫస్ట్ స్ట్రింగ్ (అన్నిటికంటే సన్నది) మీద వేలు జరిపితే గరగరమంటోంది, వేళ్ళకి నల్లగా అంటుకుంటోంది. అందుకే ఇక్కడ ఉండేవాళ్ళు ఏ బ్రాండ్ అని అడిగే ముందు రెండు విషయాలు చూసుకోండి, మీ చేతికి చెమట ఎంత పడుతుంది, గిటార్ ఉండే గదిలోకి సముద్రం గాలి ఎంత వస్తుంది.

సన్నగా ఉండే మూడు తీగలు ఉక్కువి, వాటి మీద పల్చటి తగరం పూత ఉంటుంది, చెమటలో ఉప్పు తగిలి ఆ పూత పోయిన చోట తుప్పు మొదలవుతుంది. లావు తీగల కథ వేరు, వాటిలో మధ్యన ఉక్కు తీగ, దాని చుట్టూ ఇంకో సన్న తీగ చుట్టి ఉంటుంది కదా, ఆ సందుల్లో చెమట, చర్మం పొట్టు, దుమ్ము ఇరుక్కుపోతాయి, పైకి తుప్పు కనపడకపోయినా మెరుపు పోయి సౌండ్ మొద్దుగా వస్తుంది.

చాలామంది వాడేది నికెల్ ప్లేటెడ్ స్టీల్, డాడారియో ఈఎక్స్ఎల్110, ఎర్నీ బాల్ రెగ్యులర్ స్లింకీ రెండూ ఇవే, రెండూ 10-46 (అన్నిటికంటే సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన). సౌండ్ బాగుంటుంది, ధర తక్కువ, కానీ ఇక్కడి ఉక్కపోతకి తొందరగా పోతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే తుప్పు పట్టదు కదా అని నేనూ కొన్నాను, తీరా చూస్తే చాలా సెట్లలో స్టెయిన్‌లెస్ ఉండేది లావు తీగల చుట్టు వరకే, సన్న తీగలు మామూలు ఉక్కువే, ఇక్కడ ముందు పోయేదేమో అవే! పైగా స్టెయిన్‌లెస్ గట్టిది కాబట్టి మామూలు ఫ్రెట్స్‌ని (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్ని) తొందరగా అరగదీస్తుంది.

ఇక కోటెడ్ స్ట్రింగ్స్, అంటే పైన రక్షణ పొర వేసినవి, చెన్నైలో ఎవరడిగినా నేను చెప్పేది ఇవే. రెయిన్‌కోట్లకి వాడే గోర్‌టెక్స్ బట్ట చేసే కంపెనీయే ఎలిక్సిర్ తీగలూ చేస్తుంది, లావు తీగల చుట్టు మీద సన్నటి పొర వేస్తారు కాబట్టి సందుల్లోకి చెమట దిగదు, సన్న తీగలకి తుప్పు పట్టని పూత వేరేగా ఉంటుంది. వాళ్ళ పాలీవెబ్ బాగా నున్నగా జారుతుంది, సౌండ్ కాస్త మెత్తన, నానోవెబ్ దానికంటే పల్చన, ఆప్టీవెబ్ అయితే చేతికి దాదాపు మామూలు తీగలాగే ఉంటుంది. డాడారియోలో ఎక్స్ఎస్ కూడా కోటెడే. గట్టిగా పిక్ కొట్టేవాళ్ళకి కొన్నాళ్ళకి పిక్ తగిలే చోట నూగులాగా లేస్తుంది, కంగారు పడొద్దు, అది పొర ఊడటమే, నకిలీ సరుకు అని కాదు.

ధర రెండింతలు పైనే ఉంటుంది, అందుకే వారం లెక్కన చూడండి. నా చేతికి మామూలు సెట్ మూడు వారాలు, కోటెడ్ పది పన్నెండు వారాలు వచ్చింది, అంటే రెట్టింపు ధర పెట్టినా నాకు కోటెడే చవక. రోజూ స్టేజ్ మీద వాయిస్తూ ఎలాగూ నెలనెలా మార్చేవాళ్ళకి ఈ లెక్క కుదరదు, మామూలువే మల్టీప్యాక్ కొనుక్కోండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఫ్రెట్ మీద నొక్కీ నొక్కీ తీగ అడుగున గుంటలు పడతాయి, దాన్ని ఏ కోటింగూ ఆపలేదు. ఓపెన్‌గా (ఎక్కడా నొక్కకుండా) మీటితే ట్యూన్‌లో ఉండి 12వ ఫ్రెట్ దగ్గర శ్రుతి తప్పుతుంటే, వేలితో తీగ అడుగున తడిమి చూడండి, గతుకులు తగిలితే మార్చాల్సిందే.

తీగ ఎప్పుడూ బ్రిడ్జ్ దగ్గర ఒకే చోట తెగుతుంటే బ్రాండ్ మార్చి లాభం లేదు, శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) మీద సన్నటి గరుకు అంచు ఉంటుంది, నున్నటి ఎమెరీ పేపర్‌తో రెండు మూడుసార్లు రుద్దితే సరిపోతుంది.

కొనడానికైతే మౌంట్ రోడ్‌లో మ్యూజీ మ్యూజికల్ ఉంది, 1842 నాటి షాపు. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవకగా కనపడితే మాత్రం వద్దు, నకిలీలు బాగా తిరుగుతున్నాయి, నేను ఒకసారి మోసపోయాను, రెండో రోజుకే ట్యూన్ నిలవలేదు.

మా పై ఇంట్లో మామి రోజూ సాధన అయ్యాక వీణ తీగలు పాత పంచె ముక్కతో తుడిచి గానీ లేవరు, గిటార్‌కీ అదే పద్ధతి, తీగ అడుగు నుంచి కూడా తుడవాలి. కొబ్బరినూనె మాత్రం రాయొద్దు, సందుల్లో జిడ్డు పేరుకుంటుంది. ఇంకోటి, ఏసీ గదిలో చల్లబడ్డ గిటార్‌ని తిన్నగా బయటికి తెస్తే చల్లటి సీసా మీద పట్టినట్టే తీగల మీద చెమ్మ పడుతుంది, అరగంట కేస్‌లోనే ఉంచి తర్వాత తెరవండి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలప్పుడు ఆ కేస్‌లో రెండు సిలికా జెల్ పొట్లాలు కూడా పడేయండి.