వేట మాంసం: ముక్క సాగుతోందా, వాసన పోవట్లేదా?

వేట మాంసం, అంటే వేటాడి తెచ్చిన అడవి జంతువుల మాంసం, సరిగ్గా రాకపోతే చాలామంది తప్పు పొయ్యి దగ్గర వెతుకుతారు. సగం తప్పులు పొయ్యి వెలిగించకముందే జరిగిపోయి ఉంటాయి.

గంటసేపు ఉడికినా రబ్బరులా సాగుతోంది

జంతువు పడ్డాక ఎన్ని గంటలకు వండారో ముందు గుర్తు చేసుకోండి. చచ్చిన కొద్ది గంటల్లోనే కండ బిగుసుకుంటుంది. జింకలాంటి పెద్ద జంతువులో ఆ బిగువు సడలడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఈలోగా వండితే ఎంత ఉడికినా ముక్క పంటికి లొంగదు. 0 నుంచి 4 డిగ్రీల చలిలో రెండు మూడు రోజులు ఉంచితే కండలోని ఎంజైములే దాన్ని మెత్తబరుస్తాయి. అలాగని వేడి మాంసాన్ని నేరుగా డీప్ ఫ్రీజర్‌లో తోసేయకండి. బిగుసుకోకముందే గడ్డకట్టిన కండ, కరిగేటప్పుడు ఒక్కసారిగా ముడుచుకుపోయి ఇంకా గట్టిపడుతుంది.

మాంసాన్ని అలా ఉంచాకే వండినా సాగుతోందంటే, అది ఏ భాగమో చూడండి. మెడ, జబ్బ, కాళ్లు జంతువు రోజంతా వాడే కండలు, వాటి నిండా కొల్లాజెన్ అనే గట్టి పీచు ప్రొటీన్ ఉంటుంది. అది కరిగి జిగురుగా మారాలంటే సన్నటి సెగ మీద మూత పెట్టి రెండు నుంచి నాలుగు గంటలు ఉంచాలి. ఫోర్క్ గుచ్చి తిప్పితే పీచు విడిపోవాలి. విడిపోకపోతే ఇంకో అరగంట ఆగండి, అంతే.

ముక్కల మీద తెల్లగా మెరిసే పొర ఉందా? అది ఎంతసేపు ఉడికించినా సరిగ్గా కరగదు, పైగా ముడుచుకుని ముక్కను వంకర తిప్పుతుంది. కత్తి మొన దాని కిందికి దూర్చి, పదును పొర వైపు కాస్త వంచి, రెండో చేత్తో పొరను లాగి పట్టుకుని కోయండి. మొదటి జంతువుకు విసుగొస్తుంది, రెండోదానికి చెయ్యి అలవాటు పడుతుంది.

ముక్క పొడిగా, రంపపు పొట్టులా ఉంది

వేట మాంసంలో కండ మధ్య కొవ్వు చాలా తక్కువ. నడుము వెంబడి ఉండే మెత్తటి కండను గంటలకొద్దీ ఉడికిస్తే ఇలాగే అవుతుంది. థర్మామీటర్ గుచ్చి, లోపల 71 డిగ్రీలు రాగానే దించేయండి. ఇప్పటికే ఎండిపోతే పీచుకు అడ్డంగా పలచగా కోసి గ్రేవీలో వేయడమే దారి.

ఎన్ని మసాలాలు వేసినా వాసన పోవట్లేదు

గోరంత కొవ్వు ముక్క కోసి, నూనె లేని పెనం మీద వేసి వాసన చూడండి. ఘాటు అక్కడే ఉంటే కొవ్వంతా తీసేయండి. జింక కొవ్వు చల్లారితే మైనంలా అంగిలికి అంటుకుంటుంది కూడా. చేపలు తినే నీటిపక్షులకైతే చర్మంతో సహా ఒలిచేయాలి.

మగ అడవిపంది కథ వేరు. దాని కొవ్వులో ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం పేరుకుంటుంది, వేడి తగలగానే మూత్రం వాసన కొడుతుంది. తమాషా ఏమిటంటే, కొందరి ముక్కుకు అది అసలు తెలియదు. వండినవాళ్లు లొట్టలేస్తుంటే పక్కవాళ్లు లేచి వెళ్లిపోతారు. కొవ్వు తీసేస్తే తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందని ఆశపడకండి.

కొవ్వు శుభ్రంగానే ఉండి వాసన వస్తుంటే తూటా పేగులకు తగిలి ఉండొచ్చు, లేదా చర్మం ఒలవడం ఆలస్యమై లోపలి వేడి దిగి ఉండదు. పేగుల్లోది అంటిన చోటంతా లోతుగా కోసి పారేయండి. తొడ ఎముక పక్కన పుల్లటి కంపు వస్తే ఆ మాంసం వండొద్దు. మజ్జిగలో రాత్రంతా నానబెడితే మామూలు నీచు వాసన తగ్గుతుంది, కుళ్లు పోదు. వెనిగర్‌లో అంతసేపు వదిలితే ముక్క పైభాగం పిండిలా అయిపోతుంది.

లోపల గులాబీ రంగు, తినొచ్చా?

రంగును నమ్మకండి. అడవిపంది, ఎలుగుబంటి మాంసంలో ట్రైకినెల్లా పురుగు ఉండొచ్చు. దానికి మందు ముక్క మధ్యలో 71 డిగ్రీల వేడి, పక్షులకైతే 74. ఫ్రీజర్‌లో పెట్టాం కదా అనుకోవద్దు, అడవి జంతువుల్లోని కొన్ని రకాలు గడ్డకట్టినా బతుకుతాయి.

పంటికింద లోహపు ముక్క తగిలింది

సీసపు తూటా ఎముకకు తగిలి పగిలితే కంటికి కనిపించని రేణువులు గాయానికి చాలా దూరం చెదురుతాయి. కడిగితే పోవు. గాయం చుట్టూ ధారాళంగా కోసి పారేయండి, ఆ ముక్కలను కైమాలో కలపొద్దు. సీసంతో వేటాడిన మాంసం పిల్లలకు, గర్భిణులకు పెట్టకపోవడమే మేలు.