అమ్మ పింఛను ఏ గడిలో వేయాలి?

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీది గదిలో గ్రూప్‌-2 పిల్లలకు ఎకానమీ చెబుతాను. జీడీపీలో, అంటే ఏడాదిలో దేశంలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువలో, ఇళ్ల ఖర్చు వాటా ఎంత, ప్రభుత్వ ఖర్చు వాటా ఎంత అన్న లెక్క దగ్గరే చాలామంది తడబడతారు. భాగహారం రాక కాదు, ఏ రూపాయి ఏ గడిలో వేయాలో తెలియక.

ముందు పట్టిక. కేంద్ర గణాంక శాఖ ఇచ్చే జీడీపీ అంచనాల్లో ఖర్చు వైపు పట్టిక తీయండి. అందులో ప్రస్తుత ధరల (ఆ ఏడాది ధరల) కాలమ్ చూడండి, స్థిర ధరలవి (ఆధార సంవత్సరం అనే ఒక పాత ఏడాది ధరల్లో లెక్కకట్టినవి) వృద్ధి రేటుకు వాడుకోండి. ప్రైవేటు తుది వినియోగ వ్యయాన్ని, అంటే ఇళ్ల ఖర్చును, జీడీపీతో భాగించి 100తో గుణించాలి. ప్రభుత్వ తుది వినియోగ వ్యయానికీ, అంటే ప్రభుత్వ ఖర్చుకీ, అంతే. 2011-12 ఆధార సంవత్సరం లెక్కల్లో 2024-25కి మొదటిది సుమారు 61 శాతం, రెండోది 10 శాతం దగ్గర.

ఇక గడులు. మా అమ్మ గజపతినగరం దగ్గర పల్లెలో ఉంటుంది. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం అమ్మాయి వచ్చి, వేలిముద్ర వేయించుకుని ఎనిమిది ఐదొందల నోట్లు చేతిలో పెడుతుంది. అమ్మ అరుగు మీద కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంటుంది. ఈ 4,000 ప్రభుత్వ వినియోగమా? "గవర్మెంటోడి డబ్బే కదరా నాయనా" అంటుంది అమ్మ. నేనూ ఒకప్పుడు పరీక్షలో అలాగే రాసి మార్కు పోగొట్టుకున్నాను. అది చేయి మారిన డబ్బు, అంతే. అమ్మ బీపీ మాత్రలో పాలో కొన్నప్పుడు ఇంటి వినియోగంలో పడుతుంది. కొంగున ఉన్నంతసేపు ఏ గడిలోనూ లేదు. ప్రభుత్వ గడిలోకి వెళ్లేది ఆ నోట్లు తెచ్చిన అమ్మాయి జీతం.

అమ్మకుండా గాదెలో పోసుకుని తిన్న ధాన్యం ఇంటి వినియోగమే. సొంతింటికి కూడా అద్దె ఊహించి కలుపుతారు. ఆ బియ్యం వండిన అమ్మ కష్టం మాత్రం ఎక్కడా ఉండదు, నాకిది ఇప్పటికీ మింగుడుపడదు. కొత్త ఇల్లు పెట్టుబడి. తోటపల్లి కాలువ తవ్వకానికి సర్కారు పెట్టిందీ పెట్టుబడే. పాత బండి కొంటే బ్రోకరు కమిషన్ తప్ప ఏమీ రాదు.

ఇళ్ల ఖర్చు, ప్రభుత్వ ఖర్చు, పెట్టుబడి, ఎగుమతులు కూడితే 100 దాటుతుంది. టెన్షన్ పడకండి, దిగుమతులు ఇంకా తీసేయలేదు. పలాసలో కిలో జీడిపప్పు కొన్నామనుకోండి, మొత్తం ధర ఇంటి గడిలో పడుతుంది. పిక్కలు ఆఫ్రికా నుంచి వచ్చినవైతే వాటి విలువ దిగుమతుల గడిలో తీసేస్తారు. ఇంటి గడిని మాత్రం ముట్టుకోరు.

ఆధార సంవత్సరం మారితే పాత నోట్సులోని శాతాలు కొట్టేసి, కొత్త పట్టిక నుంచి మళ్లీ వేసుకోండి.