సలహా మండలిని ప్రశ్నించడం: స్వయంబోధన, 5వ పాఠం

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో టెలివిజన్, మీడియా నిర్వహణ నేర్పే ఒక పాఠశాల ఉన్నదని ఊహించుకుని, దానికి ఏడుగురు పరిశ్రమ పెద్దలతో సలహా మండలిని కూర్చి, వారిని అడగవలసిన ప్రశ్నలతో సహా పంపమని గత పాఠం చివర అడిగాను. వచ్చిన జాబితాలు చదివిన తరువాత, ఈసారి చెప్పదలచుకున్న పాఠ్యప్రణాళిక సంగతి వాయిదా వేయక తప్పలేదు. ఇంచుమించు అందరూ ఏడుగురినీ పెద్ద ఛానళ్ల అధిపతులలోనుంచే ఏరుకున్నారు. కార్యక్రమాలు తీసి ఛానళ్లకు అమ్ముకునే స్వతంత్ర నిర్మాత లేడు, ప్రకటనల సమయం కొనే మనిషి లేడు, నియంత్రణ సంస్థలో ఫైళ్లు చూసి వచ్చినవారు అసలే లేరు. శుభలేఖలో బంధువుల పేర్లు వేసినట్టు, హోదా చూసి వరుస కట్టారు. హైదరాబాదు నుంచి రాసిన ఒక పాఠకుడు మాత్రం, 1999లో నెదర్లాండ్స్‌లో మొదలైన బిగ్ బ్రదర్ 2017లో తెలుగు బిగ్ బాస్‌గా మన ఇళ్లకు వచ్చిన సంగతి గుర్తుచేసి, ఫార్మాట్ హక్కులు, అంటే ఒక కార్యక్రమం నమూనాను వేరేచోట మళ్లీ తీసుకునే హక్కులు, అమ్మే వ్యక్తికి ఒక కుర్చీ కేటాయించారు. జాబితాలన్నిటిలో నాకు నచ్చిన కుర్చీ అదొక్కటే.

ఆహ్వాన లేఖ ఎలా రాయాలి, సమావేశం ఎన్నాళ్లకొకసారి పెట్టాలి అన్నవి మీకు తెలిసినవే కనుక వదిలేస్తున్నాను. సలహా మండలి చెబుతుంది, పాలక మండలి తీర్మానిస్తుంది; ఈ తేడా కూడా మళ్లీ వివరించను.

కుర్చీలో ఎవరు కూర్చున్నా మొదట తెలుసుకోవలసింది వారి సంస్థకు డబ్బు ఎటునుంచి వస్తుందన్నది. బ్రిటన్‌లో బీబీసీకి ప్రధానాధారం వీక్షకుల ఇళ్ల నుంచి వసూలయ్యే లైసెన్స్ రుసుము. జర్మనీలో టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికింత అని ప్రసార రుసుము కట్టాలి. 2021లో అది నెలకు 18.36 యూరోలకు పెరిగింది. ఫ్రాన్స్ తన టీవీ రుసుమును 2022లో రద్దు చేసి, దాని స్థానంలో విలువ ఆధారిత పన్ను రాబడిలో కొంత వాటాను ప్రజా ప్రసార సంస్థలకు కేటాయించింది. అక్కడే 1984లో మొదలైన కెనాల్ ప్లస్ చందాదారులను నమ్ముకుని పెరిగిన సంస్థ. బ్రిటన్‌లో 1982లో ప్రసారాలు ప్రారంభించిన ఛానల్ 4 కొంచెం చిత్రమైనది, ఎందుకంటే యాజమాన్యం ప్రజలది, రాబడి ఎక్కువగా ప్రకటనలది. నేనైతే ప్రతి సలహాదారు పేరు పక్కన ఎర్ర సిరాతో ఒక అక్షరం వేసుకుంటాను: రుసుముకు ‘రు’, ప్రకటనలకు ‘ప్ర’, చందాకు ‘చం’, హక్కుల అమ్మకానికి ‘హ’. ఇది ఏ గ్రంథంలోనూ లేని పద్ధతి, నా బద్ధకం కొద్దీ పుట్టినది. కానీ మినిట్స్ (సమావేశంలో ఎవరేమన్నారో రాసిపెట్టే కాగితాలు) తిరగేసేటప్పుడు ఒక మాట ఎందుకు వచ్చిందో ఆ అక్షరమే చెబుతుంది.

ఇక నన్ను విసిగించిన విషయానికి వస్తాను. మీరు తయారుచేసిన ప్రశ్నలలో సగానికి పైగా ‘మార్కెట్ ఎటు పోతోంది?’ అన్న ధోరణిలోనే ఉన్నాయి. ఈ ప్రశ్నలో ‘మార్కెట్’ అన్న మాటకు అర్థం ఎవరు ఇస్తారో ఒక్కరూ ఆలోచించలేదు. ఫ్రాన్స్‌లో 2021 మే నెలలో టీఎఫ్1, ఎం6 అనే రెండు పెద్ద ప్రైవేటు ప్రసార సంస్థలు కలిసిపోతామని ప్రకటించాయి. టీవీ ప్రకటనలలో సింహభాగం ఆ రెండింటిదే. తాము ఇప్పుడు గూగుల్ వంటి సంస్థలతో పోటీ పడుతున్నామని, ఇంటర్నెట్ ప్రకటనలను కూడా కలిపి లెక్కిస్తే తమ వాటా అంత పెద్దది కాదని అవి వాదించాయి. పోటీ నియంత్రణ సంస్థ అధికారులు అందుకు ఒప్పుకోలేదు. ప్రకటనదారుకు టీవీ చేసే పని ఇంటర్నెట్ ఇంకా చేయలేదన్న లెక్కన, టీవీ ప్రకటనలను వేరే మార్కెట్‌గానే చూశారు. చివరకు విలీనం జరగాలంటే పెద్ద ఛానళ్లలో ఒకదాన్ని అమ్ముకోవలసిన పరిస్థితి ఎదురై, 2022 సెప్టెంబరులో రెండు సంస్థలూ ఆ ప్రయత్నాన్ని విరమించుకున్నాయి. ఇప్పుడు ఆ సంస్థల నుంచి ఒకరు, వాటి దగ్గర ప్రకటనల సమయం కొనే కంపెనీ నుంచి ఒకరు మీ మండలిలో పక్కపక్కనే కూర్చున్నారనుకోండి. ‘మార్కెట్ మారిపోయింది’ అని ఒకరు అంటారు, ‘మార్కెట్ అలాగే ఉంది’ అని మరొకరు అంటారు. ఇద్దరూ నిజాయితీపరులే, కొలబద్దలు వేరు. మీరు మినిట్స్‌లో ‘భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి’ అని రాసి సంతకాలు తీసుకుంటారు, పాఠశాలకు మాత్రం ఏమీ దక్కదు.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక మీడియా పాఠశాల సలహా సమావేశానికి మినిట్స్ రాయడానికి వెళ్లినప్పుడు, ప్రకటనల విభాగం నుంచి వచ్చిన పెద్దమనిషి ‘విద్యార్థులకు డేటా నేర్పండి’ అన్నారు. అందరూ తల ఊపారు, నేను రాసుకున్నాను. పాఠశాల రెండు సెమిస్టర్ల పాటు గణాంకశాస్త్రం చెప్పించింది. ఏడాది తరువాత ఆయన వచ్చి విద్యార్థుల లెక్కలు చూసి ఆశ్చర్యపోయారు. ఆయన ఉద్దేశం, రోజూ ఉదయం వచ్చే రేటింగుల కాగితం చదివి, గురువారం సీరియల్‌ను అదే సమయంలో ఉంచాలా, అరగంట ముందుకు జరపాలా అని తేల్చగలగడం. డేటా అంటే ఏమిటని ఆ రోజే అడగవలసింది. రాసేవాడికి నోరెందుకని ఊరుకున్నాను.

కాబట్టి అభిప్రాయం అడగకండి, చేసిన పని అడగండి. ‘పోయిన ఏడాది మీ బల్ల మీదికి వచ్చి మీరు తిప్పి పంపిన కార్యక్రమం ఒకటి చెప్పండి, ఎందుకు పంపారు, ఆ నిర్ణయానికి ఏ కాగితం చూశారు?’ అని అడిగితే, ‘రు’ అక్షరం వారైనా ‘చం’ అక్షరం వారైనా పాఠానికి పనికొచ్చే జవాబే ఇస్తారు. ఆ కాగితం నమూనా, పేర్లు చెరిపి అయినా సరే, పాఠశాలకు ఇవ్వమనండి.

అభ్యాసం ఒకటే, కానీ బరువైనది. యూరోపియన్ యూనియన్ 2018లో సవరించిన ఆడియోవిజువల్ మీడియా డైరెక్టివ్ (సభ్య దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవలసిన ఆదేశం) ప్రకారం, స్ట్రీమింగ్ సేవల జాబితాలో కనీసం 30 శాతం యూరప్ రచనలు ఉండాలి. లెక్క నిమిషాలతో కాదు, శీర్షికలతో. సీరియల్ అయితే ఒక సీజన్ ఒక శీర్షిక అని 2020 నాటి మార్గదర్శకాలు సూచించాయి. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి వెళ్లినా, యూనియన్‌తో సంబంధం లేని వేరే సంస్థ అయిన యూరప్ కౌన్సిల్ వారి సరిహద్దులు దాటే టెలివిజన్ ఒప్పందంలో ఉన్నందున దాని కార్యక్రమాలు కూడా యూరప్ రచనలుగానే లెక్కకు వస్తాయి. ఈ నియమం గురించి ఒక స్ట్రీమింగ్ సంస్థ కొనుగోలు అధికారిని, ఒక చిన్న దేశపు స్వతంత్ర నిర్మాతను, ఒక మాజీ నియంత్రణాధికారిని అడగడానికి తలా నాలుగు ప్రశ్నలు రాయండి. ఏ ప్రశ్నలోనూ ‘మార్కెట్’, ‘భవిష్యత్తు’, ‘డేటా’ అన్న మాటలు ఉండకూడదు. ప్రతి ప్రశ్న కింద ఆ వ్యక్తి ఇవ్వగల జవాబును రెండు వాక్యాలలో ఊహించి రాసి, పక్కన అక్షరం వేయండి. నియంత్రణాధికారికి నా దగ్గర అక్షరం లేదు, మీరే ఒకటి పెట్టుకోండి. సలహాదారులుగా ప్రసిద్ధుల పేర్లు రాసిన జవాబులను ఈసారి చదవకుండానే తిప్పి పంపుతాను.