సీఎన్‌జీ కారు కొనేముందు ఒక్క మాట

కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ మన కాళ్ల కిందే ఉందని కోనసీమలో అందరం గొప్పగా చెప్పుకుంటాం. కారు మాత్రం పెట్రోల్‌దే కొంటాం! రోజూ అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లొచ్చేవాళ్లకి సీఎన్‌జీ బాగా కలిసొస్తుంది. ఎప్పుడో పెళ్లిళ్లకీ తీర్థాలకీ తీసే బండికైతే అనవసరం, అదనంగా పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

గ్యాస్‌ని లీటర్లలో కాదు, కిలోల్లో అమ్ముతారు. చిన్న కార్లలో ఉండే 60 లీటర్ల (నీళ్లు పోస్తే పట్టే కొలత) సిలిండర్‌లో పట్టే గ్యాస్ 8, 9 కిలోలే. నింపాక బంకు మీటర్ మీద ప్రెషర్ చూడండి. 200 బార్ దాకా రాకపోతే సిలిండర్ నిండనట్టే. మన ఎండల్లో మధ్యాహ్నం కంటే తెల్లవారుజామున కొట్టిస్తే మేలు, వేడికి గ్యాస్ వ్యాకోచించి తక్కువ పడుతుంది. నింపేటప్పుడు ఇంజిన్ ఆపి అందరూ దిగాల్సిందే, ఒళ్లో పిల్లాడు నిద్రపోతున్నా సరే.

పాత బండి కొంటుంటే డిక్కీ తెరిచి సిలిండర్ ప్లేటు చదవండి. మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష) చేయించాలి, ఆ తేదీ దాని మీద ఉంటుంది. బయట కిట్ బిగించిన బండి అయితే ఆర్‌సీలో సీఎన్‌జీ అని ఎక్కిందో లేదో చూడండి. లేకపోతే ఇన్సూరెన్స్ దగ్గర టెన్షనే. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి సిలిండర్‌ని పట్టి ఉంచే బ్రాకెట్లు తొందరగా తుప్పు పడతాయి, వాటినీ ఓసారి తడిమి చూడండి.