మధ్యధరా కొండల్లో పరుగుకు వైజాగ్‌లో సాధన

ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా వారానికి మూడుసార్లు పరిగెత్తేవాళ్ళు, హాఫ్ మారథాన్ రెండు గంటల్లో ముగించేవాళ్ళు కూడా స్పెయిన్ దీవి మయోర్కాలోనో దక్షిణ ఫ్రాన్సులోనో తొలి కొండ దిగేసరికి మోకాళ్ళు పట్టుకుని కూలబడతారు. దమ్ము చాలక కాదు. ఎండకూ ఉక్కకూ వైజాగ్ ఒంటికి ఎప్పుడో అలవాటైపోయింది. దానికి తెలియనివి మూడు: సున్నపురాయి, పొడిగాలి, గంటలకొద్దీ దిగడం. మూడింటికీ ఇక్కడే సిద్ధం కావచ్చు. కనీసం 12 వారాలు చేతిలో పెట్టుకోండి.

ముందు దూరం లెక్క మార్చుకోవాలి. కొండల్లో కిలోమీటర్లకంటే ఎక్కే ఎత్తు ముఖ్యం. ప్రతి 100 మీటర్ల ఎత్తునూ మరో కిలోమీటరుగా కలపండి. ఉదాహరణకు 18 కిలోమీటర్ల దారిలో మొత్తం 1,100 మీటర్లు ఎక్కాలంటే అది 29 కిలోమీటర్లతో సమానం. మీరు బీచ్ రోడ్డులో నిదానంగా కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున పోతారనుకుంటే 203 నిమిషాలు. రాతి దిగుళ్ళలో వేగం పడిపోతుంది కాబట్టి మరో 20 శాతం వేయండి. నాలుగు గంటలు. నీళ్ళు, తిండి, తిరిగొచ్చే బస్సు అన్నీ ఈ నాలుగు గంటలకే లెక్క కట్టాలి. 18 కిలోమీటర్లే కదా, రెండు గంటల్లో వచ్చేస్తామని సీసాడు నీళ్ళతో బయల్దేరడమే అక్కడ జరిగే తప్పుల్లో మొదటిది.

ఇక దిగడం. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే బరువుని ఆపాలి. ఈ రెండో పనిలో కండరపు పోగులు సన్నగా చిట్లుతాయి. అందుకే నొప్పి అప్పటికప్పుడు రాదు, మర్నాడు మొదలై రెండో రోజుకి ముదురుతుంది. అయితే ఒకసారి ఆ దెబ్బ తిన్న కండరం కొన్ని వారాలపాటు అదే దెబ్బని బాగా తట్టుకుంటుంది. మన సాధన అంతా ఈ గుణం మీదే ఆధారపడింది.

కైలాసగిరి ఎత్తు సుమారు 170 మీటర్లు. కింద నుంచి పైదాకా ఆరుసార్లు ఎక్కి దిగితే వెయ్యి మీటర్లు దాటుతుంది. మొదటి వారం రెండుసార్లతో ఆపండి. రెండు వారాలకొకటి పెంచుకుంటూ పోతే పదో వారానికి ఆరు అవుతాయి. ఎక్కేటప్పుడు నడిచినా ఫరవాలేదు, దిగడం మాత్రం పరుగే. అడుగులు పొట్టిగా, త్వరత్వరగా పడాలి. ఒళ్ళు వెనక్కి వాల్చకూడదు. వెనక్కి వాలితే మడమ ముందు పడుతుంది, మడమ పడితే జారుతుంది, పైగా ప్రతి దెబ్బా నేరుగా మోకాలికే. చూపు కాళ్ళ దగ్గర కాదు, మూడు నాలుగు మీటర్ల ముందు ఉండాలి. పదకొండో వారం సగానికి తగ్గించి, ప్రయాణానికి ముందున్న చివరి వారం దిగుడు పూర్తిగా మానేయండి.

సింహాచలం మెట్లు, దాదాపు వెయ్యి, తొడలకు మంచి పరీక్ష. కానీ అది భక్తులు చెప్పుల్లేకుండా ఎక్కే దారి. రద్దీ లేని రోజు చూసుకుని, నడకతోనే వెళ్ళండి, పరుగులు వద్దు. ఆషాఢ పౌర్ణమికి చేసే 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ గంటలకొద్దీ కాళ్ళ మీద ఉండటం నేర్పుతుంది, దాన్నీ ప్రదక్షిణగానే చేయండి. కంబాలకొండకు అటవీ శాఖ అనుమతించిన వేళల్లో, గుంపుగానే వెళ్ళాలి. అక్కడ చిరుతలున్నాయి. ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం దయచేసి పరిగెత్తొద్దు. వేల ఏళ్ళుగా పేరుకున్న ఇసుక అది, ఒక్కో అడుగుకీ అంచు రాలుతుంది.

మన కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైటు అనే రాయి. ఎండకూ వానకూ పొడిపొడిగా రాలి, ఎర్రమట్టి మీద గులకలా పరుచుకుంటుంది, కాలు దాని మీద దొర్లుతుంది. మధ్యధరా సున్నపురాయి తీరు వేరు. వాన నీరు దాన్ని కరిగించి కత్తి అంచుల్లాంటి గాడులు చెక్కుతుంది. ఎండలో ఉన్నప్పుడు పట్టు బ్రహ్మాండంగా ఉంటుంది, పడితే మాత్రం అరచెయ్యి చీరుకుపోతుంది. అదే రాయి వందల ఏళ్ళుగా జనం నడిచిన దారిలో గాజులా అరిగి ఉంటుంది. మంచు బిందువులతో తడిసిన ఉదయం దాని మీద ఏ షూ నిలవదు, నడవాల్సిందే. బురద కోసం చేసిన లోతైన పళ్ళ షూ ఇక్కడ పనికిరాదు. 3 నుంచి 4 మిల్లీమీటర్ల పళ్ళు, మెత్తగా అతుక్కునే రబ్బరు, అరికాలి కింద గట్టి పలక ఉన్నది చాలు. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు తోసుకుంటాయి కాబట్టి బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. గోళ్ళు ప్రయాణానికి నాలుగు రోజుల ముందే కత్తిరించండి.

మయోర్కాలోని ట్రాముంటానా కొండల్లో రాయి మీద రాయి పేర్చి, సున్నం గానీ మట్టి గానీ లేకుండా కట్టిన పాత దారులు ఉన్నాయి. ఆ కొండల్ని 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. జీఆర్ 221 అనే దూరపు నడక దారి వాటి గుండానే పోతుంది. ఆ దారుల్లో అక్కడక్కడా ఐమూలగా ఒక రాళ్ళ వరస నాలుగు వేళ్ళ ఎత్తు లేచి ఉంటుంది. వాన నీటిని పక్కకు మళ్ళించడానికి పెట్టింది అది. అలసిన కాలు నేలకు ఆనుకుని పోతున్నప్పుడు షూ మొన సరిగ్గా దానికే తగులుతుంది. మూడో గంట దాటాక మోకాలు కావాలనే కాస్త పైకెత్తి వేయడం అలవాటు చేసుకోండి. పక్కన గోడల మీదకి ఎక్కొద్దు. ఒక్క రాయి కదిలితే వరసంతా జారుతుంది.

దారి గుర్తులు నేర్చుకోవడం తేలిక. ఫ్రాన్సులో, స్పెయిన్‌లో తెలుపు, ఎరుపు గీతలు జంటగా ఉంటే దూరపు దారి, జీఆర్ అంటారు. స్పెయిన్‌లో తెలుపు, పసుపు అయితే పొట్టి దారి. ఇంటూ గుర్తు కనిపిస్తే అటు కాదని. ఐదు నిమిషాలు పోయినా గుర్తు కనిపించకపోతే వెనక్కి చివరి గుర్తు దాకా వచ్చేయండి, ముందుకెళ్ళి వెతకొద్దు. మేకల బాటలు అచ్చం దారిలాగే ఉంటాయి. వంద మీటర్లు పోయాక నడుమెత్తు ముళ్ళ పొద కింద దూరిపోతాయి. మేక వంగి పోతుంది, మనం పోలేం. ఫోన్‌లో మ్యాప్ ముందే దించుకోండి, లోయల్లో సిగ్నల్ ఉండదు. 1:25,000 కాగితపు మ్యాప్‌లో 4 సెంటీమీటర్లు అంటే ఒక కిలోమీటరు.

నీళ్ళ దగ్గరే మనవాళ్ళు బాగా మోసపోతారు. వైజాగ్‌లో చెమట ఆరదు, ధారగా కారుతుంది, బనియన్ పిండొచ్చు. కాబట్టి ఎంత పోయిందో తెలుస్తుంది. అక్కడి పొడిగాలిలో చెమట పుట్టగానే ఆరిపోతుంది. దాహం కూడా ఆలస్యంగానే వేస్తుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపించేసరికే వెనకబడిపోయి ఉంటారు. అందుకని గడియారం చూసి తాగండి: గంటకు 600 మిల్లీలీటర్లు, పావుగంటకోసారి 150. నాలుగు గంటలకు 2.4 లీటర్లు, అంటే వెస్టులో (చొక్కాలా తొడుక్కునే పరుగు సంచి) ముందు రెండు అరలీటరు ఫ్లాస్కులు, వెనక లీటరున్నర నీళ్ళ సంచి. ఫ్లాస్కుల్లో ఓఆర్ఎస్ కలపండి, సంచిలో మామూలు నీళ్ళు. మందుల షాపులో పొట్లం కొనేటప్పుడు చూసుకోండి, 4.2 గ్రాములది 200 మిల్లీలీటర్లకు, 21 గ్రాములది లీటరుకు. చిన్న నీళ్ళలో పెద్ద పొట్లం కలిపితే కడుపు తిప్పుతుంది. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే గటగటా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు వస్తాయి.

మ్యాప్‌లో నీటి ఊట గుర్తు ఉందని నమ్మి తక్కువ నీళ్ళతో పోవద్దు. బొర్రా గుహలు చూసినవాళ్ళకు కారణం తెలిసే ఉంటుంది: సున్నపురాయి మీద వాన నిలవదు, పగుళ్ళలోంచి లోపలికి పోతుంది. వేసవిలో చాలా ఊటలు ఎండిపోతాయి. ఊళ్ళో కుళాయి దగ్గర బోర్డు చదవండి. ఇటలీలో ‘నాన్ పొతాబిలే’, స్పెయిన్‌లో ‘నో పొతాబ్లే’, ఫ్రాన్సులో ‘నాన్ పొటాబ్ల్’ అని ఉంటే తాగొద్దు.

వెళ్ళడానికి మంచి కాలం ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా, తర్వాత అక్టోబరు. ఫ్రాన్సు దీవి కోర్సికా ఎత్తుల్లో మాత్రం మే నెలలో ఇంకా మంచు పేరుకుని ఉంటుంది. నడివేసవిలో కార్చిచ్చు భయానికి దక్షిణ ఫ్రాన్సులో కొండ దారులు మూసేస్తారు. మార్సెయ్ చుట్టుపక్కల జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా, మర్నాడు తెరుస్తారో లేదో ముందు రోజు సాయంత్రమే ప్రకటిస్తారు. శరదృతువులో ఒక్క గంట కుంభవృష్టికే ఎండిన వాగు పొంగుతుంది, అడుగున దారి ఉన్నా దిగొద్దు. ఉత్తరం నుంచి మిస్ట్రల్ గాలి లేస్తే శిఖరం మీద ఎండలోనే వణుకు పుడుతుంది. గాలి ఆపే పల్చటి జాకెట్ ఎప్పుడూ సంచిలో ఉండాలి.

గొర్రెల మంద కనిపిస్తే పరుగు ఆపండి. మందకు కాపలా కాసే పెద్ద తెల్ల కుక్కలు పరిగెత్తేదాన్ని తోడేలుగానే చూస్తాయి. నిలబడి, కర్ర తిప్పకుండా, మెల్లగా మాట్లాడుతూ మందకు దూరంగా చుట్టు తిరిగి పోండి. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, మూసి ఉంటే దాటాక మూయాలి. శరదృతువులో అడవిపందుల వేట సాగుతుంది, నారింజ రంగు చొక్కా వేసుకోండి.

తిండికి వేరుశెనగ చిక్కీ, ఖర్జూరాలు ఇక్కడి నుంచే పట్టుకెళ్ళొచ్చు. పాలతో, మాంసంతో చేసినవి మాత్రం యూరప్ కస్టమ్స్ వాళ్ళు తీసేసుకుంటారు. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం మూస్తారు, ఆదివారం తెరవని చోట్లే ఎక్కువ, శనివారం ఉదయమే కొనిపెట్టుకోండి. కొండ దారిలో ఊతకు పట్టుకునే మడిచే కర్రలు ఉంటే చెక్-ఇన్ సామానులో వేయాలి. ఈ దేశాలన్నిటికీ పనికొచ్చే షెంగెన్ వీసాకు 30,000 యూరోల బీమా ఎలాగూ తప్పనిసరి. అందులో కొండ మీద రక్షణ, హెలికాప్టర్ ఖర్చు కలిసి ఉన్నాయో లేదో పాలసీ కాగితం చదివి చూసుకోండి. ఇటలీలో పోటీలకు డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు.

ఈల ఒకటి వెస్టు పట్టీకే కట్టుకోండి. కాలు మడతపడితే 112కి ఫోన్ చేయాలి. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు. నిమిషానికి మూడు ఈలలు తిరిగి వినిపిస్తే విన్నవాళ్ళు వస్తున్నారని అర్థం, ఉన్నచోటు నుంచి కదలొద్దు.